చిట్టెం గుట్టకు వేసవి యాత్ర

నంద్యాల వైపు యాత్రకు బయలుదేరినవాళ్ళు అహోబిలం వెళ్తారు, మహానంది వెళ్తారు, కాస్త షికారు బుద్ధి ఉన్నవాళ్ళయితే బెలుం గుహలు చూసొస్తారు. ఎండాకాలం సెలవుల్లో, సొంత ఖర్చుతో, మూతబడిన సీసం బట్టీని చూడబోయిన మనిషిని బహుశా నేనొక్కదాన్నే. మా హెడ్మాస్టరుకు చెబితే "ఆరోగ్యం బాగానే ఉంది కదమ్మా?" అని అడిగాడు. నా ఆరోగ్యానికేం లోటు లేదు. పిలిచింది మాబున్ని.

మాబున్నీ నేనూ నంద్యాలలో టీచర్ ట్రైనింగ్ చేసినప్పుడు హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం. ఇప్పుడు నేను గుంతకల్లులో సోషల్ పాఠాలు చెబుతున్నాను. తను ఆళ్ళగడ్డ అవతల సొంత ఊళ్ళోనే చిన్న బడి చూసుకుంటోంది. ఊరి పేరు రాయొద్దని నా దగ్గర మాట తీసుకుంది కాబట్టి రాయను. ఫోన్లో ఒకటే మాట చెప్పింది. "సరళా, నీ నోటితో పని పడింది. మా ఆయప్ప ఎవురి మాటా ఇనడంల్యా. నీకైతే బయపడతాడు. రా."

నా నోటి వల్ల పోయిన స్నేహాలు చాలా ఉన్నాయి గానీ, దాన్ని పని మీద పిలిపించుకున్నవాళ్ళు ఇంతవరకూ లేరు. సంతోషంగా సంచి సర్దుకున్నాను.

పని ఏమిటంటే, వాళ్ళ ఊరి బయట ఒకప్పుడు పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే బట్టీ ఉండేది. అది మూతబడి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ప్రభుత్వం అక్కడి విషపు మట్టిని తవ్వించి తీయిస్తోంది. అంతా అయిపోయింది, ఒక్క చోటు మిగిలింది. అది పీర్ల చావిడి ముందున్న గుండం. మొహర్రంలో ఆ గుండంలో నిప్పులు పోస్తారు, జనం నడుస్తారు, బూడిద ఇళ్ళకు తీసుకుపోయి నాలిక మీద వేసుకుంటారు. ఆ చావిడికి ముజావరు, అంటే పీర్లను చూసుకునే పెద్దమనిషి, మాబున్ని మొగుడు దస్తగిరి. గుండం మీద పార పడనివ్వనని ఆయన భీష్మించుకు కూర్చున్నాడు. ఇంట్లో కూతురు షబానా పురిటికి వచ్చి ఉంది. మొదటి కాన్పు ఏడో నెలలో పోయింది. ఇప్పుడు పరీక్ష చేస్తే రక్తంలో సీసం ఉందన్నారు. పండగ నెల రోజుల్లోపే.

గుంతకల్లులో పొద్దున ఆరున్నర బండి, అది ఏడు దాటాక వచ్చింది. జనరల్ పెట్టెలో కిటికీ దగ్గర చోటు దొరికింది. డోన్ దాటాక బేతంచెర్ల నాపరాళ్ళ దుమ్ము లోపలికి వచ్చి అందరి తలలనూ సమానంగా నెరిపించింది. ఎదురుగా కూర్చున్న నాపరాళ్ళ వ్యాపారి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"యాడికి పోతాండావమ్మా, అహోబిలమా?"

"కాదన్నా. సీసం బట్టీ ఉండేది చూడండీ, దాన్ని శుభ్రం చేస్తున్నారట. చూసొద్దామని."

ఆయన కాసేపు ఆలోచించాడు. "చూస్తే దుడ్లు ఏమన్నా ఇస్తారా?" అని అడిగాడు. ఇవ్వరన్నాను. ఆ తరువాత నంద్యాల దాకా నాతో మాట్లాడలేదు.

నంద్యాలలో దిగేసరికి ఎండ నెత్తి మీద కూర్చుంది. మీరు వెళ్తే స్టేషన్ బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినండి. బజ్జీ మొదటి కొరుకుడుకే కళ్ళు తుడుచుకోవలసి వస్తుంది. ధర రాయడం లేదు, మీరు వెళ్ళేనాటికి ఎలాగూ మారిపోతుంది. బస్టాండులో ఆళ్ళగడ్డ బస్సు రాగానే కిటికీల్లోంచి టవళ్ళు, సంచులు, ఒక చోట నుంచి ఏకంగా ఒక చెప్పు కూడా లోపలికి వెళ్ళి సీట్లు పట్టుకున్నాయి. నేను చెప్పు పక్కన కూర్చున్నాను. ఆడవాళ్ళకు టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. నా వెనక నిలబడ్డ ఒకాయన "మేం దుడ్లిచ్చి నిలబడల్ల, వీళ్ళు ఊరకనే కూకోవల్ల" అని శిరివెళ్ళ దాకా గొణుగుతూనే ఉన్నాడు. కండక్టరు ఆఖరికి "నువ్వూ చీర కట్టుకోని రాపో" అన్నాడు. బస్సంతా నవ్వింది. గొణుగుడు ఆగింది.

ఆళ్ళగడ్డలో శిల్పుల షెడ్లు రోడ్డు పక్కనే ఉంటాయి. నడుము దాకా దేవుడై, కింద ఇంకా బండగానే ఉన్న విగ్రహాలు వరసగా నిలబడి మధ్యాహ్నపు బస్సులను చూస్తున్నాయి. అక్కడి నుంచి షేర్ ఆటో. ఎనిమిది మందిమి, రెండు గడ్డి మోపులు, ఒక మేక. ఊళ్ళో దిగగానే మాబున్ని నన్ను కౌగిలించుకుని, "లావైనావే" అంది. అది నిజమే కాబట్టి ఊరుకున్నాను.

అన్నం తిన్నాక మొదట గుట్ట చూపించింది. నల్లమల కొండలకు ఇవతల, ఊరికి ఆనుకుని నల్లటి దిబ్బ. దాన్ని ఈ ఊళ్ళో చిట్టెం గుట్ట అంటారు. ఎప్పుడో ముత్తాతల ముత్తాతల కాలంలో ఇక్కడ కొండరాయి కరిగించి ఇనుము తీసేవాళ్ళట. ఇనుము పోగా మిగిలిన నల్లటి గడ్డే చిట్టెం. ఆ కమ్మరులు ఎవరో, ఎటు పోయారో ఎవరికీ తెలియదు గానీ చిట్టెం మాత్రం ఊరిని పోషించింది. ఇక్కడిది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, దాని మీద గోడ నిలవదు. అందుకని ఇల్లు కట్టే ప్రతివాడూ గుట్ట మీద నుంచి నాలుగు బండ్ల చిట్టెం తెచ్చి పునాదిలో పోసి దిమ్మిస కొట్టేవాడు. దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ తరువాత ఎక్కడినుంచో ఒక షావుకారు వచ్చి గుట్ట పక్కనే రేకుల షెడ్డు వేసి, లారీల కొద్దీ పాత బ్యాటరీలు పగలగొట్టించి కరిగించాడు. సీసం ఆయన పట్టుకెళ్ళాడు. మిగిలిన నల్లటి గడ్డను గుట్ట మీద పోశాడు. చూడ్డానికి అచ్చం చిట్టెమే. బరువు మాత్రం కాస్త ఎక్కువ. ఊరివాళ్ళు ఇది ఇంకా గట్టి చిట్టెం అనుకుని ట్రాక్టర్లతో ఎత్తుకెళ్ళారు. గేదెల కొట్టాల్లో, గడపల కింద, బడి వరండా కింద పోసుకున్నారు. వద్దని చెప్పవలసిన షావుకారు, ఊడ్చుకుపోయేవాళ్ళు ఊరికే దొరికారని సంతోషించి ఉంటాడు. ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

శుభ్రం చేసే పని చూస్తున్న ఇంజనీరు కార్తీక్ భీమవరం వైపు కుర్రాడు. ఎండకు కందిపోయి ఉన్నాడు. గుట్ట మీద పోసిన బట్టీ గడ్డలను ఎత్తించి, షెడ్డు ఉన్నచోట మట్టిని మోకాలి లోతు తవ్వి, దుమ్ము లేవకుండా తడిపి, టార్పాలిన్లు కప్పి, విషపు చెత్త పూడ్చే చోటికి లారీల్లో పంపించారు. తవ్వినచోట వేరే మట్టి పోశారు. ఇంటింటికీ తిరిగి గడపల కింద ఉన్నదీ తీశారు. ఒక ముసలాయన తన గేదెల కొట్టం తవ్వినందుకు కొత్త కొట్టమే కట్టించుకున్నాడట.

"మరి గుండం?" అన్నాను.

"దస్తగిరిగారంటే నాకు భయమండి," అన్నాడు కార్తీక్. "ఆయన కోప్పడరు. కూర్చోబెట్టి టీ ఇస్తారు. టీ తాగాక ఇంకేం అడుగుతామండి?"

సాయంత్రం నాలుగింటికి నేనే వెళ్ళాను. పీర్ల చావిడి చిన్నది, తెల్ల సున్నం, ఆకుపచ్చ తలుపులు. ముందర గుండ్రటి గుంట, లోపలంతా నల్లటి గడ్డలు పరిచి ఉన్నాయి. పెద్ద ఆఫీసరెవరో దాని చుట్టూ ఎర్ర రిబ్బను కట్టించి పోయాడు. ఆ రిబ్బను మీద దస్తగిరి తన తువ్వాలు ఆరేసుకున్నాడు.

"నిన్ను పిలిపిచ్చింది నన్ను తిట్టేకే గదా సరళమ్మా," అన్నాడు నన్ను చూసి. "కూకో. టీ తాగి తిట్టు."

టీ తాగాను. తరువాత ఎనిమిదో తరగతికి చెప్పినట్టు మొత్తం పాఠం చెప్పాను. సీసం అంటే ఏమిటి, ఒంట్లోకి పోతే ఏం చేస్తుంది, పుట్టబోయే బిడ్డకు తల్లి రక్తంలోంచి ఎలా చేరుతుంది. మధ్యలో గొంతు పెంచాను, చెయ్యి ఊపాను, ఆయన బుర్ర గురించి కూడా ఒకటి రెండు మాటలన్నాను. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు.

"బాగా చెప్పినావు," అన్నాడు. "గుండం మాత్రం తవ్వనీను."

"ఎందుకన్నా?"

"నెలవంక కనపడినాకనే గుండానికి గుద్దలి పడల్ల. మా తాత నుంచి అదే కట్టుబాటు. వాళ్ళు మిషను పెట్టి పీకేకి అది మురిక్కాలవా?"

కట్టుబాటు సంగతి నిజమే కావచ్చు. కానీ ఆయన కళ్ళు నన్ను చూడటం లేదు. అసలు కారణం ఇంటికి వెళ్ళాక మాబున్ని చెప్పింది. ఒక ఏడాది పండగకు ముందు వాన పడి గుండం గోడలు కూలాయి. దస్తగిరి అర ట్రాక్టరు గట్టి చిట్టెం తెప్పించి అడుగునా అంచునా స్వయంగా పేర్చాడు. ఆ ఏడు నిప్పులు చల్లారాక బూడిద తీస్తుంటే అందులో వెండి పూసల్లాంటివి మెరిశాయి. గడ్డల్లో మిగిలిన సీసం వేడికి కరిగి బొట్లు బొట్లుగా కారింది, అంతే. ఊరు మాత్రం పీర్లు కన్నీళ్ళు పెట్టాయని అంది. దస్తగిరి ఆ పూసలను ఆకుపచ్చ దారానికి గుచ్చి పిల్లల మెడల్లో, గర్భిణుల మెడల్లో తాయెత్తుగా కట్టాడు. పక్క ఊళ్ళనుంచి కూడా వచ్చి కట్టించుకున్నారు. ఏటా పూసలు, ఏటా జనం.

"గుండం తవ్వితే, అది పీర్లు ఇచ్చింది కాదని తన నోటితో చెప్పల్ల," అంది మాబున్ని. "అది ఆయప్ప చేత కాడంల్యా."

"నువ్వు చెప్పలేదా?"

"నేను టీచర్నే, నాకేం తెలుస్తాదంటాడు."

నేను చేసిన ఉపన్యాసం అంతా గాలికి పోయిందని అప్పుడు అర్థమయింది. నేను సీసం గురించి మాట్లాడాను. ఆయన భయం సీసం కాదు. వచ్చిన పని నావల్ల కాలేదని నాకు చాలా సిగ్గేసింది, దిగులు కూడా వేసింది.

చీకటి పడకముందే వాకిట్లో భోజనాలకు కూర్చున్నాం. జొన్నరొట్టెలు, వంకాయ కూర, చెనక్కాయల పచ్చడి ఊరుబిండి. మీ అదృష్టం బాగుండి ఆ వైపు ఎవరింట్లోనైనా భోజనానికి పిలిస్తే ఊరుబిండి రెండోసారి అడిగి వేయించుకోండి, మొహమాటపడి నష్టపోవద్దు. షబానా చేతిలో కంచం లేదు. నెలలు నిండుతున్న మనిషి, గోడకు చేయి ఆనించుకుంటూ వచ్చి తండ్రి ముందు నెమ్మదిగా కూర్చుంది. మెడలోంచి ఆకుపచ్చ దారం బయటికి లాగింది.

"నాయనా, దీన్ని ఇప్పు."

దస్తగిరి రొట్టె తుంచబోయినవాడు ఆగిపోయాడు. "నువ్వు తినుపో."

"నేను తెంపకూడదు గదా. కట్టిన చెయ్యే ఇప్పల్ల అని నువ్వే చెప్తివి. ఇప్పు."

"ఇప్పినాక ఏమన్నా అయితే?"

"ముందు బిడ్డను దీన్ని కట్టుకోనే మోసినా గదా నాయనా."

ఆ బిడ్డ సీసం వల్లే పోయిందని డాక్టరు అనలేదు, కాదనీ అనలేదు. షబానా మెడ వంచి కూర్చుంది. దస్తగిరి చేయి కడుక్కున్నాడు, తువ్వాలుతో తుడుచుకున్నాడు, కూతురి మెడ వెనక ముడి వెతికాడు. చెమటకు బిగుసుకుపోయిన ముడి, ఎంతకూ రాలేదు. మాబున్ని కత్తెర తెచ్చి అందించబోతే వద్దన్నాడు. గోళ్ళతో లాగి లాగి విప్పాడు. ఆ పూసను పిడికిట్లో పెట్టుకుని చావిడి వైపు వెళ్ళిపోయాడు. ఆయన కంచంలో రొట్టె అట్లాగే ఉండిపోయింది.

పొద్దున నేను లేచేసరికి వీధిలో జనం. గుండం దగ్గర దస్తగిరి కొత్త లుంగీ కట్టుకుని, పళ్ళెంలో చక్కెర పెట్టుకుని పీర్ల పేరున ఫాతిహా చదువుతున్నాడు. కార్తీక్ బూట్లూ చేతి తొడుగులూ మాస్కూ పట్టుకుని దూరంగా నిలబడి ఉన్నాడు, ఇవ్వాలంటే భయం, ఇవ్వకపోతే ఉద్యోగానికి ముప్పు. దస్తగిరే పిలిచి అవి తీసుకున్నాడు. టోపీ కింద ఆ మాస్కు, లుంగీ కింద మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ఇంకొక రోజయితే పడీ పడీ నవ్వేదాన్ని.

"మిషను వద్దు," అన్నాడు దస్తగిరి. "నేను పరిచింది నేనే తీస్తా."

మాస్కు కిందికి లాగి జనం వైపు తిరిగాడు. "పీర్ల తప్పేమీ లేదు. చిట్టెం అనుకోని బట్టీ మడ్డి తెచ్చి ఏసింది నేను. మీ బిడ్డల మెడల్లో ఉండేది పీర్ల కన్నీళ్ళు కాదు, సీసం. తీస్కరాండి."

ఎవరో వెనకనుంచి "ఇన్నేండ్లు చెప్పింది అబద్దమా మల్ల?" అన్నారు.

"తెలీక చెప్పినా," అన్నాడు. "ఇప్పుడు తెలిసి చెప్తాండా." మాస్కు పైకి లాక్కుని గుద్దలి ఎత్తాడు.

ఒక్కొక్క గడ్డనే తవ్వి తీసి నీలం డ్రమ్ముల్లో వేయడానికి మూడు గంటలు పట్టింది. మిగిలిన అడుగు మట్టి కార్తీక్ మనుషులు ఎత్తారు. అప్పటికి జనం ఇళ్ళకు పోతారనుకున్నాను. పోలేదు. మెడల్లో పూసలున్నవాళ్ళు చావిడి మెట్ల ముందు వరస కట్టారు. కార్తీక్ ఉత్సాహపడి కత్తెరలు తెప్పించాడు, నలుగురు మనుషులను పెట్టి పది నిమిషాల్లో తేల్చేస్తానన్నాడు. ఒక్కరూ మెడ చాపలేదు. కట్టిన చెయ్యే విప్పాలి. సీసం సంగతి ఒప్పుకున్నా ఆ కట్టుబాటు మాత్రం వదలరట. దస్తగిరి స్నానం చేసి వచ్చి మెట్టు మీద కూర్చుని ఒక్కొక్క ముడీ విప్పడం మొదలుపెట్టాడు. కొందరు తిట్టారు. ఒకామె విప్పించుకున్నాక ఆయన కాళ్ళకు మొక్కింది. రెండిటికీ ఆయన ఒకేలా తల ఊపాడు. నేను పన్నెండింటికి సెలవు తీసుకునేటప్పటికి వరస ఇంకా మలుపు దాకా ఉంది.

"నీ నోరు పనికి రాల్యా," అంది మాబున్ని ఆటో ఎక్కిస్తూ. "ఐనా మల్ల రా. పురుడైనాక."

ఆళ్ళగడ్డలో నంద్యాల బస్సు దొరికింది. సాయంత్రం రైలుకు బోలెడు టైముంది. ఇక్కడ యాత్ర సారం రెండు ముక్కల్లో రాయాలి కాబట్టి రాస్తున్నాను. చిట్టెం గుట్ట చూడ్డానికి అందంగా ఉండదు. బస లేదు, హోటలు లేదు, ఫొటోకు పనికొచ్చేది ఏమీ లేదు. కానీ మనుషులు చెడగొట్టిన నేలను మనుషులే మోకాళ్ళ మీద కూర్చుని బాగుచేయడం చూడాలంటే దానికంటే మంచి చోటు నాకు తెలియదు. వెళ్ళండి, ఎండాకాలం మాత్రం వద్దు. ఇలా మనసులోనే వాక్యాలు పేర్చుకుంటూ, పని పూర్తయిందన్న తృప్తితో కునుకు తీయబోయాను.

నా పక్కన ఒక అవ్వ, ఒళ్ళో ఏడాది నిండని మనవరాలు. పళ్ళు వస్తున్నట్టున్నాయి, ఆ పిల్ల చొంగ కారుస్తూ ఏదో నములుతోంది. ఆకుపచ్చ దారం పెదాల మీదుగా మెడలోకి దిగి ఉంది.

నాకు నిద్ర మొత్తం ఎగిరిపోయింది. "అవ్వా, అది నోట్లోంచి తీయి," అన్నాను.

"పీర్లదమ్మా. ఏం గాదు."

చెప్పాను. పొద్దున జరిగిందంతా చెప్పాను. ఈసారి పాఠం చెప్పలేదు, గొంతు పెంచలేదు. దస్తగిరి తన నోటితో అన్న మాటలే అన్నాను. అవ్వ దారం లాగి పిల్ల నోట్లోంచి పూస బయటికి తీసింది. పిల్ల ఏడుపు అందుకుంది.

"తెంపెయ్ అవ్వా. నా దగ్గర సంచిలో బ్లేడుంది."

"యాడ తెంపేది? నువ్వూ నేనూ కట్టినామా? ఆయప్పే ఇప్పల్ల." కిటికీలోంచి బయటికి చూసి, మళ్ళా నావైపు తిరిగింది. "మా కూతురు నంద్యాల బస్టాండులో కాసుకోని ఉంటాది. నేను వాపస్ యాడ పోతా? వారం పోనీ, పోతా."

వారం. ఆ పిల్ల అప్పటికే దారం పట్టుకుని పూసను మళ్ళీ నోటి దగ్గరికి లాక్కుంటోంది.

శిరివెళ్ళలో బస్సు ఆగింది. నేను లేచి, అవ్వ మూట ఒక చేత్తో, పిల్లను ఒక చేత్తో తీసుకుని దిగేశాను. అవ్వ నన్ను నానా తిట్లూ తిడుతూ వెనకే దిగింది. వేరే దారి లేదు ఆమెకు, మనవరాలు నా చంకలో ఉంది. రోడ్డు దాటి ఆళ్ళగడ్డ బస్సు కోసం నిలబడ్డాం. నంద్యాలలో కాచుకున్న కూతురికి నా ఫోన్లోంచి చెప్పాం, ఆమె కూడా నన్నే తిట్టింది. సాయంత్రం రైలు గుంతకల్లుకు నేను లేకుండానే వెళ్ళిపోయి ఉంటుంది.

బస్సెక్కాక పూసను దారంతో సహా పిల్ల గౌను వెనక్కి తోసేశాను. ఏడుపు తగ్గడానికి నా చూపుడు వేలు నోటికిచ్చాను. బస్సు కమ్మీలన్నీ పట్టుకున్న వేలు, శుభ్రంగా ఉందని చెప్పను. కింద రెండు పళ్ళు వచ్చినట్టున్నాయి, సూదుల్లా దిగాయి. ఆళ్ళగడ్డ వచ్చేదాకా ఆ పిల్ల కొరుకుతూనే ఉంది, నేను తీయలేదు.